ఫ్రేములు లేకుండా వెబ్‌సైట్‌కి సైడ్ మెనూ: మొదటి నుంచి చివరిదాకా

ఎడమవైపు మెనూ ఉండాలి, పేజీ ఎంత కిందికి జరిపినా అది కళ్ల ముందే ఉండాలి, అందులో ఒక లింకు మారిస్తే సైట్ మొత్తంలో మారిపోవాలి. ఫ్రేములు, అంటే బ్రౌజర్ విండోని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో పేజీ చూపించే పాత పద్ధతి, పెడదామా అనే ఆలోచన ఎవరికి వచ్చినా దాని వెనక ఉన్న కోరిక ఇంతే. కోరికలో తప్పేం లేదు, పనిముట్టే పాతబడిపోయింది.

ఫ్రేములు 1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0తో జనంలోకి వచ్చాయి. 1997 డిసెంబరులో హెచ్‌టీఎంఎల్ 4 ప్రమాణంలో వాటికి చోటు దొరికింది, 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్ 5 ఖరారయ్యేసరికి ఫ్రేమ్‌సెట్, ఫ్రేమ్ రెండూ ఇక వాడొద్దన్న జాబితాలోకి వెళ్లిపోయాయి. పాత పేజీలు చెడిపోకూడదని బ్రౌజర్లు ఇప్పటికీ వాటిని చూపిస్తూనే ఉన్నాయి, అందుకే "నా దగ్గర బాగానే పనిచేస్తోందిగా" అనిపిస్తుంది. పనిచేస్తుంది సరే, కుడివైపు ఏ పేజీ తెరిచినా అడ్రస్ బార్‌లో మాత్రం హోమ్ పేజీ అడ్రసే ఉంటుంది. నచ్చిన పేజీని ఎవరికైనా పంపుదామంటే కుదరదు, బుక్‌మార్క్ చేస్తే హోమ్ పేజీ పడుతుంది, రీలోడ్ కొడితే మళ్లీ మొదటికి. సెర్చ్ నుంచి వచ్చినవాళ్ల సంగతి ఇంకా ఘోరం, మెనూ లేని ఒంటరి పేజీలో దిగి ఎటు పోవాలో తెలియక వెళ్లిపోతారు. ఫ్రేమ్ తీసేసి కంటెంట్‌ని ఐఫ్రేమ్‌లో పెట్టినా ఇదే గొడవ. ఐఫ్రేమ్ ఉన్నది బయటి వీడియోనో మ్యాపునో పేజీలో అతికించడానికి, సైట్‌ని నడపడానికి కాదు.

అసలు విషయం ఏంటంటే, ఫ్రేములు రెండు వేర్వేరు పనుల్ని ఒకే దెబ్బకు చేసేవి. మెనూని ఒకే ఫైల్లో రాసుకోవడం ఒకటి, దాన్ని స్క్రీన్ మీద కదలకుండా నిలబెట్టడం ఇంకొకటి. మొదటిది సర్వర్ పని, లేదా సైట్‌ని బిల్డ్ చేసే టూల్ పని. రెండోది పూర్తిగా సీఎస్ఎస్ పని, అంటే పేజీ రూపాన్ని చెప్పే భాష పని. ఈ రెంటినీ విడదీసి చూస్తే ఒక్కోదానికి జవాబు చిన్నదే. కలిపేసి ఒకే మందు వెతికితేనే జావాస్క్రిప్ట్‌తో మెనూని లోడ్ చేయడం, ఐఫ్రేమ్ ఎత్తు లెక్కలు కట్టడం లాంటి తిప్పలన్నీ మొదలవుతాయి.

ఒక మాట ముందే చెబుతున్నా, ఇక్కడ కాపీ కొట్టుకునే కోడ్ ముక్కలు ఉండవు. ఏ ట్యాగ్ ఎక్కడ పెట్టాలి, ఏ ప్రాపర్టీకి ఏ విలువ ఇవ్వాలి, ఎందుకు ఇవ్వాలి అనేది మాటల్లోనే చెబుతాను. పేర్లు పలికినట్టే రాశాను, ఎడిటర్‌లో మొదటి నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే అందిస్తుంది.

అడుగు 1: లింకులు రాసుకోండి

ఎడిటర్ తెరవకముందే మెనూలో ఏమేం ఉండాలో ఒక కాగితం మీద రాసుకోండి. పది, పదిహేను లింకులైతే ఒకే వరస చాలు. ముప్పై దాటుతుంటే గుంపులుగా విడగొట్టండి. మూడో మెట్టు దాకా, అంటే మెనూలో మెనూ, దాంట్లో మళ్లీ మెనూ దాకా వెళ్తున్నారంటే సైట్ అమరికే ఒకసారి మళ్లీ చూసుకోవాలి, ఆ చిక్కు సీఎస్ఎస్‌తో తీరేది కాదు.

అడుగు 2: హెచ్‌టీఎంఎల్ అస్థిపంజరం

ముందు ఒక్క పేజీలోనే కట్టండి, మిగతా పేజీల సంగతి తర్వాత. బాడీలో పైన హెడర్, దాని కింద ఒక డివ్ (ఉత్త డబ్బా లాంటి ట్యాగ్), ఆ డివ్‌లో రెండే పిల్లలు: ముందు నావ్, తర్వాత మెయిన్. అవసరమైతే డివ్ బయట ఫుటర్. అంతకుమించి డబ్బాలు పెట్టకండి. ఒక్కో డబ్బా పెరిగేకొద్దీ తర్వాత స్టికీ (మెనూని నిలబెట్టే సీఎస్ఎస్ విలువ, నాలుగో అడుగులో వస్తుంది) పనిచేయనప్పుడు ఎక్కడ వెతకాలో తెలియక తల పట్టుకుంటారు.

నావ్ లోపల యూఎల్, దానిలో ఒక్కో లింకుకి ఒక ఎల్ఐ, దానిలో యాంకర్. ఇది పద్ధతి కోసం చెప్పే మాట కాదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ అమరికని చూసి "నావిగేషన్, పన్నెండు అంశాల జాబితా" అని చెబుతుంది, వినేవాళ్లకి ఎంత మెనూ ఉందో వెంటనే తెలుస్తుంది. వరసగా డివ్‌లు పెట్టి క్లిక్ ఈవెంట్లు తగిలిస్తే వాళ్లకి అక్కడ మెనూ ఉన్నట్టే తెలియదు, కీబోర్డుతో టాబ్ కొట్టినా ఆగదు, మధ్య బటన్‌తో కొత్త టాబ్‌లో తెరవడమూ కుదరదు. పేజీలో నావ్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, ఉదాహరణకి ఫుటర్‌లో ఇంకోటి, దేనికది ఏరియా-లేబుల్ (ఇంగ్లిష్‌లో ఏ-ఆర్-ఐ-ఏ, స్థలం అనే ఏరియా కాదు) అనే యాట్రిబ్యూట్‌తో పేరు పెట్టండి.

రోల్ అనే యాట్రిబ్యూట్‌కి మెనూ అని విలువ ఇవ్వమని కొన్నిచోట్ల చదువుతారు. వద్దు. అది డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఫైల్, ఎడిట్ అని పైన ఉండే మెనూల కోసం. అది పెట్టారంటే బాణం కీలతో కదలడం, ఎస్కేప్‌తో మూయడం అన్నీ మీరే రాసివ్వాలి. వెబ్‌సైట్ లింకులకి నావ్ సరిపోతుంది.

బాడీలో అన్నిటికంటే ముందు ఇంకొక్క లింకు పెట్టండి, "నేరుగా విషయానికి" అని, అది మెయిన్ ఐడీకి వెళ్లేలా. మామూలుగా కనబడకుండా ఉంచి, కీబోర్డు ఫోకస్ దాని మీదికి వచ్చినప్పుడు మాత్రం కనబడేలా చేయండి. ప్రతి పేజీలోనూ నలభై లింకుల మీద టాబ్ కొట్టుకుంటూ పోవాల్సిన బాధ ఈ ఒక్క లైనుతో పోతుంది. హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ మీద భాష కోడ్, ఈ మూడూ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. వ్యూపోర్ట్ లేకపోతే ఫోన్‌లో తర్వాత ఎంత కష్టపడినా పేజీ చీమంత అక్షరాలతో కనబడుతుంది.

అడుగు 3: రెండు నిలువు వరసలు

ఒకప్పుడు టేబుల్‌తో చేసేవాళ్లం, తర్వాత ఫ్లోట్‌తో. రెండూ ఇప్పుడు అక్కర్లేదు. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ వరసగా గ్రిడ్‌ని తెచ్చాయి, అదే ఏడాది ఎడ్జ్ కూడా అందుకుంది. కాబట్టి బ్రౌజర్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఆ బయటి డివ్‌కి డిస్‌ప్లే గ్రిడ్ అనండి. గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌కి రెండు విలువలు ఇవ్వండి: మెనూకి 16 రెమ్ (రెమ్ అంటే పేజీ మూల అక్షరం సైజు), కంటెంట్‌కి మిన్‌మ్యాక్స్‌లో సున్నా, 1 ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వంతు). చాలామంది రెండో విలువగా ఒట్టి 1 ఎఫ్ఆర్ ఇచ్చి వదిలేస్తారు. మామూలు పేరాలు ఉన్నంతసేపూ ఏ తేడా కనబడదు. ఒక రోజు ఎవరో పెద్ద టేబులో, విరగని పొడుగాటి కోడ్ లైనో పెడతారు, అంతే, ఆ వరస దాని వెడల్పుకి సాగిపోయి పేజీ మొత్తం అడ్డంగా స్క్రోల్ అవుతుంది. ఒట్టి ఎఫ్ఆర్‌కి కనీస వెడల్పు లోపలి వస్తువుని బట్టి ఉంటుంది, మిన్‌మ్యాక్స్‌లో సున్నా ఇస్తే ఆ పట్టు వదులుతుంది. అప్పుడు ఆ పొడుగాటి టేబుల్‌కి మాత్రమే విడిగా ఓవర్‌ఫ్లో ఆటో ఇచ్చుకోవచ్చు.

మెనూ వెడల్పుని పిక్సెళ్లలో కాకుండా రెమ్‌లో ఇవ్వమన్నది అక్షరాల సైజు పెంచుకుని చదివేవాళ్ల కోసం. అక్షరం పెరిగితే మెనూ కూడా పెరగాలి, లేకపోతే ప్రతి పేరూ మూడు లైన్లకి విరుగుతుంది. శాతాల్లో ఇస్తే ఇంకో తలనొప్పి, పెద్ద మానిటర్ మీద మెనూ అనవసరంగా బలుస్తుంది. రెండు వరసల మధ్య ఖాళీకి గ్యాప్ వాడండి.

అడుగు 4: మెనూని నిలబెట్టడం

ఫ్రేముల్లో అందరికీ నచ్చింది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

పొజిషన్ ఫిక్స్‌డ్ అని ఇస్తే మెనూ కదలదు, నిజమే. కానీ అది పేజీ అమరికలోంచి పూర్తిగా బయటికి వెళ్లిపోతుంది. గ్రిడ్‌లో దాని చోటు పోతుంది, కంటెంట్‌కి ఎడమ మార్జిన్ మీరే ఇవ్వాలి, హెడర్ మీద పడుతుంది, కింద ఫుటర్‌ని కప్పేస్తుంది. ఒక్కో సమస్యకీ ఒక్కో అతుకు వేసుకుంటూ పోవాల్సిందే. పొజిషన్ స్టికీ అలా కాదు, మెనూ తన చోటు తను ఉంచుకుంటూనే పేజీ జరిగినప్పుడు పైఅంచుకి అతుక్కుని ఆగిపోతుంది, డివ్ అయిపోయే చోట దాంతోపాటే పైకి వెళ్లిపోతుంది. కాబట్టి ఫుటర్‌తో గొడవే లేదు.

నావ్‌కి ఇవ్వాల్సినవి: పొజిషన్ స్టికీ, టాప్ సున్నా, అలైన్-సెల్ఫ్ స్టార్ట్, మ్యాక్స్-హైట్ 100 వీహెచ్ (అంటే స్క్రీన్ ఎత్తంత), ఓవర్‌ఫ్లో-వై ఆటో. టాప్ ఇవ్వడం మర్చిపోతే స్టికీ ఏమీ చేయదు, ఎక్కడ అతుక్కోవాలో దానికి తెలియాలి కదా. అలైన్-సెల్ఫ్ ఎందుకంటే, గ్రిడ్ తన పిల్లల్ని వరస ఎత్తు మేరకు సాగదీస్తుంది. ఎత్తుకి హద్దు ఏమీ పెట్టకపోతే మీ నావ్ కూడా కంటెంట్ అంత పొడుగు అయిపోతుంది, అప్పుడు అది జరగడానికి చోటే మిగలదు, మీకేమో స్టికీ పనిచేయట్లేదు అనిపిస్తుంది. మ్యాక్స్-హైట్, ఓవర్‌ఫ్లో రెండూ పొడుగాటి మెనూల కోసం: స్క్రీన్ కంటే మెనూ పొడుగైతే అది తనలో తనే స్క్రోల్ అవ్వాలి. ఇవి లేకపోతే అడుగున ఉన్న లింకుల కోసం పేజీ చివరిదాకా వెళ్లాల్సి వస్తుంది.

ఫోన్ బ్రౌజర్లలో అడ్రస్ బార్ కనబడుతూ మాయమవుతూ ఉంటుంది కాబట్టి 100 వీహెచ్ ఒక్కోసారి కనబడే ఎత్తుకంటే ఎక్కువ అవుతుంది. దాని కింది లైనులోనే 100 డీవీహెచ్ (ఆ క్షణంలో కనబడే ఎత్తు) అని ఇంకోసారి ఇవ్వండి. తెలిసిన బ్రౌజర్ రెండోది తీసుకుంటుంది, తెలియని పాతది మొదటిదాంతో సరిపెట్టుకుంటుంది. హెడర్‌ని కూడా స్టికీ చేసి ఉంటే దాని ఎత్తుని ఒక కస్టమ్ ప్రాపర్టీలో పెట్టుకుని, మెనూ టాప్‌కి అదే ఇచ్చి, మ్యాక్స్-హైట్‌ని క్యాల్క్‌తో అంత తగ్గించండి.

ఇన్ని చేసినా అతుక్కోవట్లేదా? తొంభై పాళ్లు కారణం ఒకటే. నావ్‌కి పైన ఉన్న డబ్బాల్లో దేనికో ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటుంది. ఎక్కువగా అడ్డంగా స్క్రోల్ రాకుండా ఎవరో ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ అని పెట్టి ఉంటారు. ఒక దిక్కుకి హిడెన్ ఇస్తే రెండో దిక్కు తనంతట తనే ఆటో అయిపోతుంది, ఆ డబ్బా ఒక స్క్రోల్ పెట్టెగా మారుతుంది, స్టికీ ఇక పేజీని వదిలి ఆ పెట్టెనే నమ్ముకుంటుంది. డెవలపర్ టూల్స్ తెరిచి నావ్ నుంచి ఒక్కో మెట్టు పైకి వెళ్తూ చూడండి, దొరుకుతుంది. హిడెన్ బదులు క్లిప్ అని ఇస్తే మిగిలింది కత్తిరిస్తుంది గానీ స్క్రోల్ పెట్టెగా మారదు. అసలు అడ్డంగా ఎందుకు పొంగుతోందో కనుక్కుని అది సరిచేయడం ఇంకా మంచిది, మూడో అడుగులో చెప్పిన మిన్‌మ్యాక్స్ తోనే చాలాసార్లు అది పోతుంది.

ఇంకో చిన్న సంగతి. మెనూ లోపల స్క్రోల్ చేస్తూ అడుగుకి చేరాక వెనక పేజీ కూడా జరగడం మొదలవుతుంది, చిరాకుగా ఉంటుంది. ఓవర్‌స్క్రోల్-బిహేవియర్ కంటెయిన్ అంటే ఆగిపోతుంది.

అడుగు 5: లింకుల రూపం

యూఎల్ చుక్కలు, ప్యాడింగ్ తీసేయండి. యాంకర్‌కి డిస్‌ప్లే బ్లాక్ ఇచ్చి ప్యాడింగ్ దానికే ఇవ్వండి, ఎల్ఐకి కాదు. అప్పుడు అక్షరాల మీదే కాకుండా వరస మొత్తంలో ఎక్కడ నొక్కినా లింకు పనిచేస్తుంది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడుగు, వెడల్పు ఉండాలని 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి రాసిన) మార్గదర్శకాలు చెబుతాయి. వేలితో నొక్కేవాళ్ల కోసం నేనైతే 44కి తగ్గనివ్వను. తెలుగు పేర్లకి లైన్-హైట్ 1.6 దాకా ఇవ్వండి, లేదంటే కింది వత్తులు తర్వాతి లైనుని తాకుతాయి. పొడుగు మాటలు అంచు దాటకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్ ఎనీవేర్ పెట్టండి.

అవుట్‌లైన్ నన్ అని రాసి కీబోర్డు ఫోకస్ గీతని చంపేయకండి. మౌస్ వాడేవాళ్లకి కనబడకుండా, కీబోర్డు వాడేవాళ్లకి మాత్రం కనబడాలంటే ఫోకస్-విజిబుల్ అని సూడో క్లాస్ ఉంది, దానికి మీకు నచ్చిన గీత ఇచ్చుకోండి.

అడుగు 6: ఒకే ఫైల్లో మెనూ

ఇప్పుడు ఫ్రేముల రెండో వరం. మెనూ ఒకచోట మారిస్తే అంతటా మారాలి. ఇక్కడ మీ సర్వర్‌లో ఏముందో దాన్ని బట్టి దారి ఎంచుకోవాలి.

పీహెచ్‌పీ ఉంటే ఇది అరగంట పని. నావ్ నుంచి నావ్ మూసేదాకా ఉన్న ముక్కని కత్తిరించి మెనూ డాట్ పీహెచ్‌పీ అనే ఫైల్లో పెట్టండి. అందులో హెచ్‌టీఎంఎల్, హెడ్, బాడీ ట్యాగులు ఉండకూడదు, అది పేజీ కాదు, పేజీలో ఒక ముక్క. తర్వాత ఒక్కో పేజీలో ఆ చోట ఇంక్లూడ్ రాయండి. ఒట్టి ఫైలు పేరు ఇచ్చి వదిలేయకుండా, ముందు డిర్ అనే స్థిరపదం (అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో రాసేది, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌ని చెబుతుంది) పెట్టి దానికి దారి తగిలించండి. ఒట్టి పేరు ఇస్తే హోమ్ పేజీలో పనిచేసి లోపలి ఫోల్డర్‌లోని పేజీల్లో ఎర్రర్ రావడం మామూలే.

పీహెచ్‌పీ లేకుండా అపాచీ సర్వర్ ఉంటే సర్వర్ సైడ్ ఇంక్లూడ్స్ (పేజీ పంపేముందు సర్వరే ఇంకో ఫైలుని అందులో చేర్చే సదుపాయం) అడగండి. ఎన్‌జిన్‌ఎక్స్‌లోనూ ఉంది. పేజీ ఎక్స్‌టెన్షన్‌ని ఎస్‌హెచ్‌టీఎంఎల్ చేసి, మెనూ ఉండాల్సిన చోట కామెంట్ లాంటి ఒక్క లైను రాస్తే చాలు. కామెంట్ మొదలయ్యే గుర్తుకీ, హ్యాష్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే సర్వర్ దాన్ని నిజంగానే కామెంట్ అనుకుని వదిలేస్తుంది, మీకు ఎర్రర్ కూడా కనబడదు, మెనూ మాత్రం రాదు.

సర్వర్ మీద ఏ అధికారమూ లేకుండా ఉత్త ఫైళ్లు ఎక్కించే హోస్టింగ్ అయితే ఎలెవెంటీ, హ్యూగో, జెకిల్ లాంటి స్టాటిక్ జనరేటర్ వాడండి. మెనూ ఒక టెంప్లేట్‌లో ఉంటుంది, మీ కంప్యూటర్‌లో కమాండ్ నడిపితే ప్రతి పేజీలోనూ మెనూ అతికించిన పూర్తి ఫైళ్లు తయారవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు దీనికే. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టినా తర్వాత సర్వర్ మారినా ఏ బాధా ఉండదు.

నాలుగో దారి ఒకటి ఉంది, జావాస్క్రిప్ట్‌లో ఫెచ్‌తో మెనూ ఫైలుని తెచ్చి పేజీలో పోయడం. అందరూ ముందు పట్టుకునేది ఇదే, నేను చివరికి కూడా పట్టుకోవద్దంటాను. పేజీ వచ్చాక ఒక క్షణానికి మెనూ వస్తుంది, ఈలోగా కంటెంట్ అటూ ఇటూ గెంతుతుంది. స్క్రిప్ట్ ఎక్కడ తప్పినా సైట్‌లో కదిలే దారే ఉండదు. ఫైలుని డబుల్ క్లిక్ చేసి నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే భద్రతా కారణాల వల్ల ఫెచ్ అసలు పనిచేయదు, లోకల్ సర్వర్ నడపాలి. నాలుగు పేజీల సైట్ అయితే మెనూని నాలుగుచోట్లా కాపీ చేసి పెట్టుకోవడమే దీనికంటే నయం.

"ప్రతి పేజీతోనూ మెనూ మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది కదా" అని అడిగేవాళ్లు ఉంటారు. అవుతుంది. ముప్పై లింకుల మెనూ అంటే కొన్ని కిలోబైట్లు, సర్వర్ కంప్రెస్ చేసి పంపితే ఇంకా తక్కువ. ఒక చిన్న ఫోటో పక్కన అది లెక్కలోకే రాదు. డయలప్ మోడెమ్‌ల రోజుల్లో అది ఆలోచించాల్సిన విషయమే, ఇప్పుడు కాదు.

దారి ఏదైనా ఒక జాగ్రత్త తప్పనిసరి. మెనూ ఫైల్లో లింకుల హెచ్‌రెఫ్ అన్నీ స్లాష్‌తో మొదలవ్వాలి, అంటే సైట్ మూలం నుంచి లెక్క. ఒట్టి ఫైలు పేరు ఇస్తే బ్రౌజర్ ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, లోపలి పేజీల్లో సగం లింకులు 404కి, అంటే పేజీ లేదన్న ఎర్రర్‌కి పోతాయి. సైట్ డొమైన్ మూలంలో కాకుండా ఒక ఫోల్డర్‌లో ఉంటే ఆ ఫోల్డర్ పేరు కూడా ముందు చేర్చాలి, జనరేటర్లలో దానికి సెట్టింగ్ ఉంటుంది. బేస్ ట్యాగ్‌తో తప్పించుకుందామని చూడకండి, అది పెడితే పేజీలో హ్యాష్‌తో మొదలయ్యే లింకులు కూడా బేస్ అడ్రస్‌కి ఎగిరిపోతాయి, మీరు పెట్టిన "నేరుగా విషయానికి" లింకు మొదట చెడేది.

అడుగు 7: ఎక్కడున్నామో చెప్పడం

మెనూలో ప్రస్తుతం తెరిచి ఉన్న పేజీ వేరేగా కనబడాలి. ఆ యాంకర్ మీద ఏరియా-కరెంట్ అనే యాట్రిబ్యూట్ పెట్టి విలువ పేజ్ అనండి, సీఎస్ఎస్‌లో కూడా ఆ యాట్రిబ్యూట్‌నే పట్టుకుని రంగు, మందం, ఎడమ అంచున ఒక గీత ఇవ్వండి. దీనికోసం విడిగా యాక్టివ్ అని క్లాస్ పెట్టుకోవాల్సిన పని లేదు. కంటికి, చెవికి రెంటికీ ఒకే గుర్తు పనిచేస్తే ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోయే ప్రమాదం ఉండదు. రంగు ఒక్కటే తేడాగా పెట్టకండి, రంగులు సరిగా కనబడనివాళ్లకి ఆ తేడా తెలియదు.

ఆ యాట్రిబ్యూట్ ఎవరు పెడతారు? పీహెచ్‌పీలో అయితే ఇంక్లూడ్‌కి ముందు ఒక వేరియబుల్‌లో పేజీ పేరు పెట్టి, మెనూ ఫైల్లో దాంతో పోల్చండి. జనరేటర్లలో ప్రస్తుత పేజీ అడ్రస్ టెంప్లేట్‌కి తెలిసే ఉంటుంది. సర్వర్ సైడ్ ఇంక్లూడ్స్‌తో ఇది కొంచెం కష్టం, అక్కడ మాత్రం చిన్న జావాస్క్రిప్ట్ వాడొచ్చు: ఒక్కో లింకు పాత్‌నేమ్‌ని ప్రస్తుత అడ్రస్ పాత్‌నేమ్‌తో పోల్చి, కలిస్తే యాట్రిబ్యూట్ పెట్టేయడం. చివరి స్లాష్, ఇండెక్స్ ఫైలు పేరు ఉండటం, లేకపోవడం అనే తేడాలని ముందే సరిచేసి పోల్చండి. ఇది పనిచేయకపోయినా మెనూ పనిచేస్తుంది, అందుకే ఇక్కడ జావాస్క్రిప్ట్‌కి నాకు అభ్యంతరం లేదు.

అడుగు 8: గుంపులు, ఉపమెనూలు

డీటెయిల్స్, సమరీ ట్యాగులు ఉన్నాయి, స్క్రిప్ట్ లేకుండానే తెరుచుకుని మూసుకుంటాయి, కీబోర్డుతోనూ పనిచేస్తాయి. గుంపు పేరు సమరీలో, దాని కింద లోపలి యూఎల్. ప్రస్తుత పేజీ ఉన్న గుంపుకి ఓపెన్ అనే యాట్రిబ్యూట్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఏడో అడుగులో చేసిందంతా మూసిన తలుపు వెనక ఉండిపోతుంది. గుంపు పేరే ఒక లింకు కూడా కావాలంటే సమరీలో యాంకర్ పెట్టకండి, నొక్కితే తెరుచుకోవాలో వేరే పేజీకి పోవాలో ఎవరికీ అర్థం కాదు. లోపలి జాబితాలో మొదటి లింకుగా పెట్టండి. మౌస్ పెడితే పక్కకి తెరుచుకునే ఫ్లైఅవుట్ మెనూల జోలికి పోకండి, ఫోన్‌లో హోవర్ అన్నదే లేదు.

అడుగు 9: చిన్న స్క్రీన్

ఫోన్‌లో రెండు వరసలకి చోటు లేదు. కాబట్టి సీఎస్ఎస్‌ని తిరగేసి రాయండి: మామూలుగా ఒకే వరస, మీడియా క్వెరీలో వెడల్పు 50 ఈఎమ్ దాటితేనే గ్రిడ్, స్టికీ. ఈఎమ్ ఇస్తే బ్రౌజర్ సెట్టింగుల్లో అక్షరం పెద్దది చేసుకున్నవాళ్లకి కూడా లెక్క సరిపోతుంది. 50 అన్నది మంత్రం కాదు, విండోని నెమ్మదిగా ఇరుకు చేస్తూ పోండి, కంటెంట్ వరస చదవడానికి ఇబ్బంది అనిపించిన చోట ఆ అంకె పెట్టుకోండి.

తర్వాతి ప్రశ్న, ఫోన్‌లో మెనూని దాచాలా? ఏడెనిమిది లింకులే ఉంటే దాచకండి. పైనే ఉండనివ్వండి, లేదా పేజీ అడుగున పెట్టి హెడర్‌లో "మెనూ" అని దానికి దూకే లింకు ఇవ్వండి. స్క్రిప్ట్ లేదు, చెడేది ఏమీ లేదు. మూడు గీతల బటన్ ఫ్యాషన్ కోసం పెట్టే సైట్లే ఎక్కువ.

లింకులు ఎక్కువైతే బటన్ తప్పదు. అది నిజమైన బటన్ ట్యాగే అయి ఉండాలి, దాని మీద "మెనూ" అని మాట కూడా ఉండాలి, నావ్‌కి సరిగ్గా ముందు ఉండాలి. దానికి ఏరియా-ఎక్స్‌పాండెడ్ పెట్టి, నొక్కినప్పుడల్లా ట్రూ, ఫాల్స్ మార్చండి, సీఎస్ఎస్ ఆ విలువని చూసి పక్కనే ఉన్న నావ్‌ని చూపించాలో దాచాలో తేల్చుకుంటుంది. అలాగైతే స్క్రిప్ట్ పది లైన్లు దాటదు. అయితే బటన్‌ని కూడా నావ్‌తోపాటు గ్రిడ్ డబ్బాలోనే పెడితే పెద్ద స్క్రీన్‌లో దాన్ని డిస్‌ప్లే నన్‌తో తీసేయాలి, లేకపోతే అది మూడో పిల్లగా వరసలన్నీ తారుమారు చేస్తుంది. స్క్రిప్ట్ లోడ్ కాకపోతే మెనూ దాగిపోయి ఉండకూడదు కాబట్టి, స్క్రిప్ట్ మొదట్లోనే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి ఒక క్లాస్ తగిలించి, ఆ క్లాస్ ఉంటేనే దాచేలా రాయండి. ఎస్కేప్ నొక్కితే మూసి ఫోకస్‌ని బటన్‌కి తిరిగి ఇవ్వాలి.

దాచడం ఎలా దాస్తున్నారన్నది ముఖ్యం. పక్క నుంచి జారుకుంటూ వచ్చే మెనూ కోసం ట్రాన్స్‌ఫార్మ్‌తో స్క్రీన్ బయటికి నెట్టేసి వదిలేస్తే అది కంటికే కనబడదు, టాబ్ కొడితే ఫోకస్ కనబడని లింకుల్లోకి వెళ్లి తప్పిపోతుంది. మూసినప్పుడు విజిబిలిటీ హిడెన్ కూడా ఇవ్వండి. చెక్‌బాక్స్ పెట్టి లేబుల్ నొక్కితే మెనూ తెరుచుకునే పాత చిట్కా ఇంకా చాలాచోట్ల తిరుగుతోంది, అది స్క్రీన్ రీడర్‌కి చెక్‌బాక్స్ గానే వినబడుతుంది, వదిలేయండి.

పరీక్షించడానికి ఫోన్ చేతిలో లేకపోతే 1280 పిక్సెళ్ల విండోని 400 శాతం జూమ్ చేయండి. పేజీకి 320 పిక్సెళ్ల వెడల్పే ఉన్నట్టు లెక్క, మీ చిన్న స్క్రీన్ అమరిక అంతా అక్కడే కనబడుతుంది. ప్రింట్ మీడియా క్వెరీలో నావ్‌కి డిస్‌ప్లే నన్ ఇవ్వడం కూడా ఈ పనిలో పనిగా అయిపోతుంది.

అడుగు 10: "మెనూ కదలకూడదు" అనేవాళ్ల కోసం

ఫ్రేములకి అలవాటు పడినవాళ్లు ఇంకా ఒక మాట అంటారు, లింకు నొక్కగానే పేజీ మొత్తం మళ్లీ వస్తోంది, పొడుగాటి మెనూలో కిందికి జరిపి నొక్కితే కొత్త పేజీలో మెనూ మళ్లీ పైకి వెళ్లిపోయింది అని. సబబైన ఫిర్యాదే. పేజీ వదిలేటప్పుడు వచ్చే పేజ్‌హైడ్ ఈవెంట్‌లో నావ్ స్క్రోల్‌టాప్ విలువని సెషన్‌స్టోరేజ్‌లో (టాబ్ తెరిచి ఉన్నంతసేపు బ్రౌజర్ గుర్తుపెట్టుకునే చోటు) దాచండి, కొత్త పేజీలో నావ్ మూసిన వెంటనే, అక్కడే, రెండు లైన్ల స్క్రిప్ట్‌తో ఆ విలువ తిరిగి పెట్టండి. పేజీ చివర పెడితే మెనూ గెంతడం కంటికి కనబడుతుంది.

పేజీ మారేటప్పుడు వచ్చే మెరుపు కూడా వద్దనుకుంటే సీఎస్ఎస్‌లో వ్యూ-ట్రాన్సిషన్ అనే ఎట్-రూల్ (ఎట్ గుర్తుతో మొదలయ్యే నియమం) పెట్టి, అందులో నావిగేషన్‌కి ఆటో అనండి. ఒకే సైట్‌లోని పేజీల మధ్య మార్పు మెత్తగా జరుగుతుంది. నావ్‌కి వ్యూ-ట్రాన్సిషన్-నేమ్ ఇస్తే అది విడిగా నిలబడి కంటెంట్ మాత్రమే మారినట్టు ఉంటుంది. క్రోమ్‌లో 2024 మధ్య నుంచి, సఫారీలో 2024 చివరి నుంచి ఉంది, తెలియని బ్రౌజర్ ఆ లైనుని పట్టించుకోకుండా మామూలుగా పేజీ మారుస్తుంది. దీనికోసం సైట్ మొత్తాన్ని జావాస్క్రిప్ట్‌తో నడిచే ఒకే పేజీగా మార్చేయకండి, అప్పుడు అడ్రస్, బ్యాక్ బటన్, టైటిల్, ఫోకస్ అన్నీ చేత్తో సరిచూసుకోవాలి, అంటే ఫ్రేముల రోగాలే మళ్లీ.

పాత ఫ్రేముల సైట్‌ని మారుస్తుంటే

కొత్త సైట్ కట్టేవాళ్లకి ఇది అక్కర్లేదు. పాతది మార్చేవాళ్లు మాత్రం ముందు అన్ని ఫైళ్లలోనూ టార్గెట్ అనే మాట వెతకండి. పాత మెనూలో ఒక్కో లింకు మీద, లేదా బేస్ ట్యాగ్ మీద, కుడివైపు ఫ్రేమ్ పేరు టార్గెట్‌గా రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ పేరుతో ఫ్రేమ్ లేదు కాబట్టి బ్రౌజర్ కొత్త టాబ్ తెరుస్తుంది, మెనూ అంతా బాగానే ఉన్నా ఇదేం గోల అనుకుంటారు. తర్వాత కంటెంట్ పేజీల్లో స్క్రిప్ట్‌లు చూడండి. ఫ్రేమ్ లేకుండా నేరుగా తెరిస్తే హోమ్ పేజీకి తరిమే స్క్రిప్ట్ ఆ రోజుల్లో చాలామంది పెట్టుకునేవాళ్లు, అది మిగిలిపోతే ఏ పేజీ తెరిచినా హోమ్‌కే వస్తుంది.

ఫ్రేముల్లో బయటి పేజీ టైటిలే కనబడేది కాబట్టి లోపలి పేజీల్లో టైటిల్ ట్యాగ్ ఖాళీగానో, అన్నిట్లో ఒకేలానో ఉంటుంది. ఒక్కోదానికి దాని పేరు రాయండి. కంటెంట్ పేజీల అడ్రస్‌లు మార్చకండి, సెర్చ్‌కీ పాత లింకులకీ తెలిసినవి అవే. ఫ్రేమ్‌సెట్ ఉన్న ఇండెక్స్ పేజీ స్థానంలో మామూలు హోమ్ పేజీ పెట్టి, మెనూ ఒక్కటే ఉన్న పాత ఫైలు అడ్రస్‌ని 301 (శాశ్వతంగా మారిందని చెప్పే) రీడైరెక్ట్‌తో హోమ్‌కి పంపండి. అన్నీ ఎక్కించాక ప్రైవేట్ విండోలో హోమ్ నుంచి కాకుండా లోపలి పేజీ ఒకటి నేరుగా అడ్రస్ కొట్టి తెరవండి: మెనూ ఉందా, ఆ పేజీ పేరు మెనూలో వెలిగిందా, ఇంకో లింకు నొక్కి బ్యాక్ కొడితే ఇక్కడికే వచ్చిందా చూసుకోండి.